అనంతగిరి ఘాట్‌లో మూడు రోజుల సైకిల్ ట్రైనింగ్: బస ఎలా ఉంది, వెనక బండి ఎలా ఉంది

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, మా టీమ్‌కి అరకు వైపు సైకిళ్ళు తిప్పాలనిపించేది సరిగ్గా ఆ వారం నుంచే. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ ఘాట్ రోడ్డు మీద ట్రైనింగ్ పెట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు. మంచు చూడ్డానికి వచ్చే కార్లు, పిక్నిక్ బస్సులు, ఫొటో కోసం మలుపులోనే ఆపేసే బైకులు, వీటన్నిటికీ తోడు బాగా పొద్దెక్కేదాకా ముందు చక్రం తప్ప ఇంకేమీ కనపడని పొగమంచు. ఏప్రిల్ వచ్చిందంటే కింద శృంగవరపుకోట (ఎస్.కోట) దాటేలోపే ఎండకి నెత్తి మాడిపోతుంది. మధ్యలో దొరికేవి ఆ నాలుగైదు వారాలే. మామిడి, జీడిమామిడి పూత మీద ఉంటాయి, కొండల్లో మోదుగ చెట్లు ఆకు రాల్చేసి ఎర్రగా పూస్తాయి, పొద్దున స్వెటర్ చలి ఉన్నా పది దాటాక హాయిగా వెచ్చబడుతుంది, రోడ్డు పొడిగా ఉంటుంది.

మేం ఆరుగురం వెళ్ళాం. విశాఖ నుంచి నలుగురు, హైదరాబాద్ నుంచి ఇద్దరు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. అందరం బ్రెవేలు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్లు, తొక్కేవాళ్ళమే. మా గురి 2027 ఆగస్టులో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ మీద ఉంది. నాలుగేళ్ళకోసారి వస్తుంది, 1,200 కిలోమీటర్లు 90 గంటల్లో పూర్తి చెయ్యాలి, దానికి అర్హత రావాలంటే అదే ఏడాది 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు నాలుగూ టైముకి ముగించాలి. ఆ దారిలో పెద్ద పర్వతాలేమీ లేవు కానీ ఊపిరి తిప్పుకోనివ్వని ఎగుడుదిగుళ్ళు మొదటినుంచి చివరిదాకా ఉంటాయి, మొత్తం కలిపితే ఎక్కాల్సింది పదకొండు, పన్నెండు వేల మీటర్లు అవుతుంది. మేం రోజూ తొక్కేది భీమిలి బీచ్ రోడ్డు, వారానికోసారి కైలాసగిరి రోడ్డు మీద పైకీ కిందకీ. కైలాసగిరి మంచిదే, కానీ ఒంట్లో వేడి పుట్టేలోపే పైకి చేరిపోతాం. రెండు గంటలపాటు సీటు మీద కూర్చుని ఒకే ఊపులో ఎక్కడం కాళ్ళకి, నడుముకి, ముఖ్యంగా మనసుకి అలవాటు కావాలంటే మాకు దగ్గర్లో ఉన్నది అనంతగిరి ఘాట్ ఒక్కటే.

ఇంతకుముందు రెండుసార్లు ఎవరి సామాను వాళ్ళు మోసుకుని, అరకులో దొరికిన లాడ్జిలో దిగి వచ్చేశాం. ఈసారి మా కెప్టెన్ అక్క పట్టుబట్టి అనంతగిరి దగ్గర ఒక బస, దానితోపాటు వాళ్ళే ఇచ్చే సపోర్ట్ వాహనం కలిపి బుక్ చేసింది. మూడు పగళ్ళు, రెండు రాత్రులు. మనిషికి 6,800 రూపాయలు పడింది. అందులో గది, పొద్దున టిఫిన్, రాత్రి భోజనం, వెనక బొలెరో, డీజిల్, డ్రైవర్ బత్తా, ఒక స్పేర్ల పెట్టె అన్నీ వచ్చాయి. బస పేరు రాయడం లేదు. కొన్ని లోపాలు చెప్పాలి, అవి వచ్చే ముందు వాళ్ళకి ఎదురుగా కూర్చుని చెప్పేశాం, సరిచేస్తామన్నారు కూడా. ఇలాంటి ఏర్పాటు మీరు ఎక్కడ బుక్ చేసుకున్నా ఏం అడగాలో తెలియడం కోసమే ఇదంతా రాస్తున్నాను.

ముందు బండి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ మూడు రోజుల్లో పెట్టిన ప్రతి రూపాయికీ విలువ తెచ్చింది ఆ బొలెరో, దాని డ్రైవర్ బాబాయ్.

తెల్లవారుజామున నాలుగున్నరకి విశాఖలో ఎన్ఏడీ జంక్షన్ దగ్గర కలిశాం. పెందుర్తి, కొత్తవలస మీదుగా చీకట్లోనే లైట్లు వేసుకుని లైన్‌లో పోయాం, ముందువాళ్ళు రెండు నిమిషాలు లాగడం, పక్కకు తప్పుకుని వెనక చివరికి చేరడం. ఆరుగురు ఇలా మార్చుకుంటూ పోతే చదును రోడ్డు మీద గాలి దెబ్బ ఒక్కరి మీదే పడదు, వెనకున్నవాళ్ళకి శ్రమ బాగా తగ్గుతుంది. కొత్తవలస దాటాక తెల్లారుతుంటే జీడిమామిడి తోటల్లోంచి పూత వాసన గుప్పున కొట్టింది. ఆ వాసన వచ్చిందంటే నాకు సీజన్ మొదలైనట్టే.

ఒక్కటే ఇబ్బంది, బాబాయ్ సరిగ్గా మా వెనక పది అడుగుల దూరంలో బండి నడుపుతున్నాడు. మాకు రక్షణ ఇస్తున్నాననుకున్నాడు పాపం. సెకండ్ గేర్‌లో మూలుగుతున్న ఇంజన్ చప్పుడు చెవుల్లో, హెడ్‌లైట్ల వెలుగులో మన నీడ మనకే అడ్డం, ఆగిన ప్రతిసారీ డీజిల్ పొగ. లైన్‌లో చివరున్నవాళ్ళకి ఎవరో తరుముతున్నట్టే ఉంటుంది. ఆయన నలభై దాటిన మనిషి, ఎస్.కోట వైపు ఊరు, ఏళ్ళ తరబడి సంతలకి జీపు తోలాడు, ఆ ఘాట్‌లో ప్రతి మలుపూ ఆయనకి కంఠతా వచ్చు. కానీ సైకిళ్ళ వెనక ఎప్పుడూ రాలేదు. బస వాళ్ళు ఆయనకి ఏమీ చెప్పకుండా తాళాలిచ్చి పంపేశారు. ఇది వాళ్ళ మొదటి లోపం. సపోర్ట్ వాహనం అని డబ్బు తీసుకున్నప్పుడు డ్రైవర్‌కి ఒక పది నిమిషాలు వివరించి పంపాలి.

ఎస్.కోటలో ఇడ్లీలు తింటూ మా టీమ్‌లో పెద్దాయన ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడారు. "బాబాయ్, మీరు మా వెనకాల రావద్దు. ముందుకెళ్ళి, మేం దూరం నుంచి చూడగలిగే చోట ఆపండి. ఆరుగురూ దాటారో లేదో లెక్కపెట్టండి. ఆఖరి మనిషి దాటాక ఐదు నిమిషాలాగి రండి, అందర్నీ దాటి మళ్ళీ ముందెక్కడో ఆపండి." ఆయన అంతా విని ఒకే మాటన్నాడు. "అలాగే బాబూ, కాపోతే ఆపే జాగా నేను సూసుకుంటాను."

ఆ జాగా చూసుకోవడం ఎలా ఉందో చెప్తాను. ఎత్తులో ఆగిన సైకిల్ మళ్ళీ కదలడం కష్టం. క్లీట్ (బూటు అడుగున ఉండే కొక్కెం) పెడల్‌కి తగులుకోవాలి, ఒక్క కాలితో బరువంతా నెట్టాలి, సైకిల్ పక్కకి పడబోతుంది. ఈ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. మొదటి రెండు స్టాపుల్లో మేం తంటాలు పడటం చూశాడు, అంతే. మూడో స్టాపు నుంచి బండి ఎప్పుడూ మలుపు తిరిగాక, రోడ్డు కాస్త చదునయ్యే చోట, చెట్టు నీడలో కనిపించేది. వెనక చక్రం కింద చెక్క ముక్క పెట్టి, వెనక తలుపు తీసి, సీసాలు వరసగా నిలబెట్టి ఉంచేవాడు. మంచినీళ్ళవి ఒకవైపు, ఉప్పు నిమ్మకాయ నీళ్ళవి ఇంకోవైపు. రెండో రోజుకి మేం ఆగకుండానే సీసా అందించడం కూడా నేర్చేసుకున్నాడు. మొదటిసారి సీసా నడుం పట్టుకుని నిలబడ్డాడు, నా చెయ్యి జారి కింద పడింది. తర్వాత మూత దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, నేను వస్తుండగా నాతోపాటు నాలుగు అడుగులు పరిగెత్తి, నా వేళ్ళు బిగిశాక వదిలాడు. గంటకి పది కిలోమీటర్ల వేగంలో అది నాకు ఎంత హాయిగా అనిపించిందో మాటల్లో చెప్పలేను. బస వాళ్ళ బ్రోషర్‌లో లేని పని ఇది, జీతంలోనూ ఉండదు.

ఘాట్ గురించి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. ఎస్.కోట దాటి కాశీపట్నం వైపు వెళ్ళాక ఎక్కుడు మొదలవుతుంది. సగటున నాలుగైదు శాతమే, మరీ నిటారు కాదు, కొన్ని మలుపుల్లో మాత్రం లోపలి వైపు పోతే ముందు చక్రం లేచినట్టు ఉంటుంది. కష్టం ఎక్కడంటే, ఎత్తు ఒక పట్టాన అయిపోదు. టైడా దాటాక అయినా ఊరట ఉంటుందేమో అనుకుంటారు కొత్తవాళ్ళు, ఉండదు. వెయ్యి మీటర్లు దాటేదాకా కాళ్ళు అదే పనిలో ఉండాలి. ఇలాంటి చోట లైన్‌లో పోవడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆ వేగంలో గాలి అడ్డు పెద్దగా ఉండదు కాబట్టి ఎవరి ఊపులో వాళ్ళు ఎక్కడమే మంచిది. పక్కవాళ్ళతో పోటీ పడి మొదటి అరగంటలో గుండె అదరగొట్టుకున్నవాళ్ళు చివరి అరగంట నడిపించుకుంటూ వస్తారు. మేం అందుకే ఎవరి వేగంలో వాళ్ళం ఎక్కి, బండి ఆగిన చోట కలుసుకున్నాం. టీమ్‌గా రావడం అంటే ఘాట్‌లో పక్కపక్కనే తొక్కడం అనుకోకండి. పైన మన కోసం ఎదురుచూసేవాళ్ళు ఉన్నారని తెలిసి ఒంటరిగా ఎక్కడం అది, నాకైతే అలాగే అనిపిస్తుంది.

గేర్ల సంగతి కూడా చెప్పేస్తాను. ముందు 50-34 పళ్ళ చక్రాలు, వెనక 11-34 పళ్ళవి ఉంటే సుఖం. మా హైదరాబాద్ తమ్ముడు 11-28తో వచ్చాడు, బలమున్న కుర్రాడు, మొదటి రోజు ఎక్కేశాడు, రెండో రోజు మధ్యాహ్నానికి మోకాలు పట్టేసి బండిలో కూర్చోవాల్సి వచ్చింది.

మొదటి రాత్రి భోజనం నాకు నచ్చలేదు. మేం బసకి చేరింది మధ్యాహ్నం, ఆకలి మండిపోతోంది, రాత్రి ఏడింటికి భోజనం కావాలని ముందే చెప్పాం. వచ్చింది తొమ్మిదిన్నరకి. అది కూడా నూనె తేలుతున్న బిర్యానీ, మసాలా దట్టించిన కోడి వేపుడు. వాళ్ళ ఉద్దేశం మంచిదే, అతిథులకి ఘనంగా పెట్టాలనుకున్నారు, వచ్చే టూరిస్టులు అవే అడుగుతారట. కానీ పొద్దున నాలుగింటికి లేచి ఎత్తులు ఎక్కాల్సినవాళ్ళ కడుపుకి అది శిక్షే. మాలో ఇద్దరికి ఆ రాత్రి నిద్ర లేదు. కెప్టెన్ అక్క మరుసటి రోజు వంటగదిలోకి వెళ్ళి వంటమ్మతో మాట్లాడింది. "అమ్మా, మాకు మీరు ఇంట్లో ఏం తింటారో అదే పెట్టండి" అంది. ఆవిడ నవ్వేసి, "ఇంత దూరం వచ్చి పప్పన్నం తింటారేటమ్మా" అంది. ఆ రాత్రి ఏడుంపావుకల్లా వేడి అన్నం, ముద్దపప్పు, చింతపండు చారు, వంకాయ కూర, గడ్డ పెరుగు విస్తళ్ళలోకి వచ్చాయి. నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఎక్కడికి ట్రైనింగ్‌కి వెళ్ళినా అడగాల్సిన భోజనం ఇదే, అన్నం, పప్పు, చారు, పెరుగు. రాత్రికి రాత్రే కాళ్ళలో సత్తువ నిండుతుంది.

పొద్దున టిఫిన్ విషయంలోనూ అంతే. ఏడున్నరకి ముందు వంటగది తెరవం అన్నారు. ఐదింటికి బయల్దేరేవాళ్ళకి ఏడున్నర టిఫిన్ ఎందుకు? దీనికీ ఆ వంటమ్మే దారి చూపింది. రాత్రే చిలగడదుంపలు ఉడకబెట్టి గుడ్డలో చుట్టి ఉంచింది, ఫ్లాస్కులో చోడి (రాగి) అంబలి పోసి పెట్టింది. ఉల్లిపాయ నంజుకుని ఒక గ్లాసు అంబలి, రెండు దుంపలు. చలిలో ఆ వెచ్చటి అంబలి గొంతు దిగుతుంటే ఇంకేం కావాలి! జేబులో పెట్టుకునే తిండి మేమే తెచ్చుకున్నాం, అరటిపళ్ళు, పల్లీ చెక్కలు, బెల్లం ముక్కలు. గంటకి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలని మా లెక్క, అంటే గంటకి ఒక పెద్ద అరటిపండు, ఒక పల్లీ చెక్క, కొంచెం బెల్లం. ప్యాకెట్ జెల్‌లు కూడా తెచ్చుకున్నాం కానీ చాలావరకు తిరిగి ఇంటికే వచ్చాయి.

కాఫీ గురించి చెప్పకపోతే నాకు ఊరుకోబుద్ధి కాదు. బస గోడకి అవతలే కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి, వాటి నీడలో కాఫీ మొక్కలు. అరకు వ్యాలీ అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, ఈ గింజలు ఎక్కడెక్కడికో వెళ్తున్నాయి, గిరిజన రైతులు పండించిన పంట అది. అలాంటి చోట మాకు సాచెట్ చింపి ఇన్‌స్టంట్ పొడి కలిపి ఇచ్చారు. నాకు చాలా బాధనిపించింది. మేం రెండో రోజు రోడ్డు పక్క దుకాణంలో పావుకిలో పొడి కొని ఇచ్చాక మాత్రం చక్కగా డికాషన్ తీసి పెట్టారు. అంటే చేతకాక కాదు. ఎవరూ అడగడం లేదు, అందుకే అలా అలవాటైపోయింది. వెళ్ళేవాళ్ళు దయచేసి అడగండి.

ఇక రెండో రోజు. ఇది అసలు ట్రైనింగ్ రోజు. పొద్దున టైడా దాకా దిగి, మళ్ళీ ఎక్కడం, మధ్యలో 20 నిమిషాల చొప్పున మూడుసార్లు గట్టిగా తొక్కడం. గంటసేపు నిలకడగా తొక్కగలిగే గరిష్ఠ శక్తిని ఎఫ్‌టీపీ అంటాం, అందులో 88 నుంచి 94 శాతం మధ్య పట్టి ఉంచాలి. మాట్లాడాలంటే రెండు మూడు ముక్కలే వచ్చే స్థితి అది. మూడోసారి మాత్రం పెద్ద గేరు వేసి, నిమిషానికి 55, 60 తిప్పులతో బరువుగా తొక్కాం. మోకాలు సరిగ్గా లేనివాళ్ళు ఇది చెయ్యకూడదు.

ఆ రోజు దిగేటప్పుడే పంక్చర్ అయింది. ఘాట్ దిగడం గురించి మాకో నియమం ఉంది, బ్రేకు మలుపుకి ముందే వేసెయ్యాలి, మలుపులో వదిలెయ్యాలి, దారి పొడుగునా నొక్కి పట్టుకుని దిగకూడదు. నొక్కి పట్టుకుంటే డిస్క్ కాలిన వాసన వస్తుంది, ప్యాడ్లు గాజులా నున్నగా మారి పట్టు పోతుంది. రిమ్ బ్రేకుతో కార్బన్ చక్రాలున్నవాళ్ళు అయితే ఆ చక్రాలు ఇంట్లోనే పెట్టి అల్లాయ్ వేసుకుని రండి. బాబాయ్ తనంతట తనే ఒక పద్ధతి పెట్టాడు. దిగేటప్పుడు వెనక కాకుండా మాకు రెండు మూడు వందల మీటర్ల ముందు, లైట్లు వేసుకుని, ప్రతి గుడ్డి మలుపులో హారన్ కొడుతూ పోయేవాడు. ఎదురొచ్చే బస్సులకి ఏదో వస్తోందని తెలిసేది. ఎక్కడ రోడ్డు పని కంకర చెల్లాచెదురై ఉందో అక్కడ చెయ్యి బయటపెట్టి కిందకి ఊపేవాడు. ముందురోజు సాయంత్రమే మాకు చెప్పి ఉంచాడు కూడా, "మూడో మలుపు కాడ కంకర ఉంటాది, ఎడం పక్క నమ్మకండి" అని.

మా రెండో హైదరాబాద్ మిత్రురాలి వెనక టైరు ఒక మలుపు ముందే కూర్చుండిపోయింది. ఆవిడ వేగం తగ్గించి ఉంది కాబట్టి ఒక్క ఊగుతో నిలదొక్కుకుంది, కాలు కింద పెట్టి, సైకిల్ రోడ్డు పక్కకి లాక్కుంది. బాబాయ్ అద్దంలో ఐదుగుర్నే చూసి బండి ఆపేశాడు. మేం చేరేసరికి స్పేర్ల పెట్టె దింపుకుని వెనక్కి నడిచి వస్తున్నాడు. పెట్టె తెరిస్తే కొత్త ట్యూబులు మూడు ఉన్నాయి. మూడింటికీ వాల్వు 48 మిల్లీమీటర్లు. ఆవిడ చక్రం రిమ్ లోతు 50. వాల్వు రిమ్ లోపలే ఉండిపోతుంది, పంపు తగులుకునే దారే లేదు. నా దగ్గరున్నదీ చిన్న వాల్వే. ఎండ ఎక్కుతోంది, లారీలు ఎక్కుతున్నాయి, మేం మలుపు పక్కన మట్టిలో కూర్చుని ఒకరి సంచులు ఒకరు వెతుక్కున్నాం. చివరికి మా పెద్దాయన పనిముట్ల సంచి అడుగున ఒక వాల్వ్ ఎక్స్‌టెండర్ దొరికింది. చిటికెన వేలంత ఇత్తడి గొట్టం. అది బిగించి, గాలి కొట్టి, మళ్ళీ రోడ్డెక్కేసరికి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ బాబాయ్ మలుపుకి పైన నిలబడి తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు, పై నుంచి వచ్చే ఒక్క వాహనం కూడా మా మీదకి రాలేదు.

స్పేర్ల పెట్టె ఇస్తామని చెప్పేవాళ్ళు ముందే ఎవరి చక్రాలు ఏమిటో అడిగి తెలుసుకోవాలి. ఎవరూ అడగలేదు. పెట్టెలో ఉన్న పంపు గేజీ కూడా తప్పు చూపిస్తోంది, నా పంపుతో పోల్చి చూస్తే గాలి ఒత్తిడిలో పది పీఎస్ఐ తేడా. దిగుడులో అది చిన్న విషయం కాదు. నేను 28 మిల్లీమీటర్ల టైర్లకి 75 దగ్గర పెడతాను, అదే 85 అయితే కంకర మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది. కాబట్టి నా సలహా, ఎవరు పెట్టె ఇస్తామన్నా సరే మీ ట్యూబులు రెండు, మీ పంపు, చైన్ లింకు, టైరు లోపల పెట్టే ముక్క మీవే పట్టుకెళ్ళండి.

గది మామూలు. పరుపు గట్టిది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, గీజర్ ఒక బాత్రూమ్‌లోదే పనిచేసింది, మేం వంతులేసుకున్నాం. ఫోన్ సిగ్నల్ సన్నగా వస్తుంది, పోతుంది. సైకిళ్ళకి మాత్రం బాగా చూశారు. కింద హాలు మాకే ఇచ్చి తాళం మా చేతిలో పెట్టారు, లైట్లు, మీటర్లు ఛార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్గులున్నాయి, పెరట్లో గొట్టంతో కడుక్కోనిచ్చారు, చైన్లు తుడుచుకోవడానికి పాత పంచెల గుడ్డలు ఇచ్చారు. మా ఆడవాళ్ళిద్దరూ చెప్పిన ఇంకో మాట, ఘాట్ దారిలో బాత్రూమ్ దొరకడం కష్టం. బాబాయ్‌కి దారిలో తెలిసిన ఇళ్ళున్నాయి, అడక్కుండానే అలాంటి చోట బండి ఆపి, "అమ్మా, ఇక్కడ మనోళ్ళిల్లు ఉంది, ఎళ్ళి రండి" అనేవాడు. నీళ్ళు తక్కువ తాగి తొక్కే అలవాటున్న మా అక్క ఈ మూడు రోజులూ నిశ్చింతగా నీళ్ళు తాగింది. డబ్బుతో కొలిచేది కాదు ఇది.

మూడో రోజు చీకటితోనే బయల్దేరి గాలికొండ మీదుగా సుంకరమెట్ట, అరకు. వ్యూ పాయింట్ దగ్గర ఆగాం, కింద లోయంతా నీలంగా ఉంది, వరస వెనక వరస కొండలు. అరకు ఊరు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి గాలికొండ నుంచి అటు దిగుడే, వచ్చేటప్పుడు మళ్ళీ ఎక్కాలి. ఆ రోజు దారిలో సంత ఉంది. పనసకాయలు, అల్లం, రాజ్మా గింజలు తట్టల్లో పెట్టుకుని నడిచి వస్తున్న ఆడవాళ్ళు, జీపుల మీద వేలాడుతున్న జనం. సంత ఉన్న రోజు సైకిల్ వాళ్ళు గబగబా పోకూడదు. రోడ్డు వాళ్ళది, మెల్లగా బెల్లు కొట్టుకుంటూ పోవాలి. పిల్లలు చెయ్యి చాచి నిలబడితే ఒక్కొక్కళ్ళ అరచెయ్యీ తగిలించుకుంటూ వచ్చాం. బొర్రా గుహలకి ఈసారి వెళ్ళలేదు, టైమ్ లేదు.

అరకు నుంచి విశాఖ 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు కొత్తవలస దగ్గర మధ్యాహ్నం ఎండ చంపేసింది. మోకాలు పట్టేసిన తమ్ముడు బండిలోనే ఉన్నాడు, కిటికీలోంచి మా అందరికీ తడి తువ్వాళ్ళు అందిస్తూ వచ్చాడు. పెందుర్తి దగ్గర చివరిసారి లైన్ కట్టాం, కాళ్ళు బరువెక్కిపోయాయి, అయినా ఒక్కళ్ళూ తమ వంతు తగ్గించుకోలేదు. వారం తిరిగాక కైలాసగిరి ఎక్కితే మామూలుగా నేను వాడే గేరు కంటే ఒకటి పెద్దది వేసి పైదాకా వెళ్ళిపోయాను.

మార్కులు వెయ్యమంటే బండికి, బాబాయ్‌కి ఐదుకి ఐదు. వంటమ్మకి ఐదు, వాళ్ళ వంటగది టైములకి రెండు. గదికి మూడు. స్పేర్ల పెట్టెకి ఒకటి. 6,800 ఎక్కువా అంటే, ఆరుగురు పంచుకుంటే కాదు. ముగ్గురే అయితే బండి ఖర్చు భారమవుతుంది, అప్పుడు ఎస్.కోటలో సామాను పెట్టుకుని పొద్దున ఎక్కి మధ్యాహ్నానికి దిగిపోవడమే నయం. మొదటిసారి ఘాట్ ఎక్కేవాళ్ళు మాత్రం బండి లేకుండా రావద్దు. బుక్ చేసేటప్పుడు ఇదే డ్రైవర్ వస్తాడా అని అడిగి మరీ ఖాయం చేసుకోండి, కొత్తవాళ్ళయితే వెనక ఎంత దూరంలో ఉండాలో, ఎక్కడ ఆపాలో మొదటి టీ దగ్గరే చెప్పెయ్యండి. శివరాత్రి నుంచి ఉగాది లోపు వెళ్ళిరండి. ఆ రోజుల్లో ఒక వాన పడిందంటే కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి, మల్లెల్లాంటి వాసన వస్తుంది, మాకైతే ఈసారి ఆ వాన పడలేదు.

ఎన్ఏడీ దగ్గర సామాను దింపుకున్నాక మా మిత్రురాలు పక్క వీధిలో సైకిల్ షాపుకి వెళ్ళి 80 మిల్లీమీటర్ల వాల్వు ట్యూబులు రెండు కొనుక్కొచ్చి పెట్టెలో పెట్టింది. బాబాయ్ వాటిని తీసి, వాల్వు పొడుగు వేలితో కొలిచి చూసుకుని, పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టి మూత వేశాడు. మార్చి రెండో శనివారం మళ్ళీ వెళ్తున్నాం, ఆయనకి ఫోన్ చేసి చెప్పాం. ఎంతమందని అడిగాడు. ఎనిమిది అన్నాం. "అయితే సీసాలు ఇంకో డజను కావాలి" అన్నాడు.